డ్రిల్లు మాస్టారు కూర్చున్న బకెట్టు

నేను ఒక ఎర్ర ప్లాస్టిక్ బకెట్టును. విరిగిన కుర్చీలను, పగిలిన మగ్గులను కరిగించి నన్ను పోతపోశారు. కాబట్టి పూర్వజన్మలో నేను ఏ పెళ్లిలో కుర్చీనో, ఎవరింటి స్నానాల మగ్గునో నాకే తెలియదు.

ప్రొద్దుటూరు బజారులో నన్ను కొన్నది డ్రిల్లు మాస్టారు ఓబుళరెడ్డి. ఆయన కూతురు హైమవతికి దూరపు ఊళ్లో విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. ఆయన భార్య సుభద్రమ్మ నాలో గోంగూర పచ్చడి, దండెం తాడు, కాకరకాయ పొడి కుక్కింది. నీళ్ల కోసం పుట్టిన నేను మొదటి ప్రయాణం పచ్చడి వాసనతో చేశాను.

అమ్మాయిని హాస్టల్లో దింపి ఇద్దరూ వెళ్లిపోయారు. నిజానికి వెళ్లలేదు. తెల్లవారగానే మాస్టారి ఫోను: "లేచినావా? వంగి కాలివేళ్లు అందుకున్యావా?" వెంటనే తల్లి: "ఏం తిన్యావు? ఎంత తిన్యావు?" అన్నిటికీ హైమ "బాగుండాను" అనేది. ఫోను పెట్టేశాక నన్ను కుళాయి కింద ఉంచి, నీళ్లు పొర్లిపోతున్నా చూడకుండా ఏడ్చేది. పాఠాలన్నీ ఇంగ్లీషులో. సగం అందేవి కావు. ఇంట్లో చెబితే ఎంత గొడవవుతుందో ఆమెకు తెలుసు.

ఒకసారి కడుపునొప్పి అని నోరు జారింది. మాస్టారు వార్డెనుకు ఫోను చేశారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర వార్డెను అందరూ వినేలా, "హైమవతికి మజ్జిగ ఎక్కువ వేయండి" అంది. ఆనాటినుంచి ఆమె పేరు మజ్జిగ. హైమ ఇంటి ఫోను తీయడం మానేసింది.

దాంతో మాస్టారే ఊడిపడ్డారు. హైమ గేటు పక్క కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతోంది. ఆయన చొక్కా చేతులు మడిచి నాలోంచి చున్నీ తీశారు.

"జరుగు మ్మా, నేను పిండుతా."

"వద్దు నాయనా. మొదటి పరీక్షలో నాకు ఇరవైకి నాలుగొచ్చినాయి. అది గూడా నువ్వే రాస్తావా?"

ఆయన చేతిలో చున్నీ నీళ్లు కారుతూ ఉండిపోయింది.

"ఇంటికి పోదాం పా. మనూర్లో కాలేజీ లేదా?"

"నేను రాను. సాయంత్రాలు ఒక సీనియరక్క దగ్గర చదువుకుంటాండా. ఏం చెప్పినా నువ్వు వార్డెను దాకా తీసుకపోతే, ఇంక నీకేం చెప్పేది? నేను చెప్తాంటే ఊరికే విను నాయనా. అంతే."

ఆమె బట్టలు తీసి దండెం మీద ఆరేసింది. మాస్టారు నన్ను బోర్లించి నా మీద కూలబడ్డారు. బడి పిల్లలందరి చేతా గుంజీలు తీయించిన ఆ భారీ మనిషిని నేను మోయలేకపోయాను. ఫటుక్కుమన్నాను. ఆయన బురదలో పడ్డారు. చుట్టూ ఉన్న ఆడపిల్లలు ఉతుకుతున్న బట్టలు వదిలి చూశారు. ముందు హైమ నవ్వింది, తర్వాత ఆయన.

సాయంత్రం ఇద్దరూ వెళ్లి కొత్త బకెట్టు తెచ్చారు. బేరం హైమదేనట. మధ్యలో మాస్టారు నోరు తెరిచి, దగ్గినట్టు నటించి ఊరుకున్నారట.

నేనిప్పుడు హాస్టల్ వరండాలో మట్టి నింపుకుని కరివేపాకు మొక్కను మోస్తున్నాను. మొన్న ఆదివారం హైమ నా పక్కన నిలబడి తానే ఇంటికి ఫోను చేసింది. రెండో పరీక్షలో పదకొండు వచ్చాయని, ఒక పాఠం ఇంకా కొరుకుడు పడలేదని, మజ్జిగ అని పేరు పెట్టిన పిల్లే ఇప్పుడు స్నేహితురాలని చెప్పుకుపోయింది. అవతల చప్పుడు లేదు.

"నాయనా, ఉండావా?"

"ఉండా మ్మా, వింటాండా. మీయమ్మ నోరు గూడా మూసి పట్టుకొనుండా. నువ్వు చెప్పు."