తొమ్మిది నుంచి పన్నెండు దాకా

నిర్మలను ఎక్కించుకున్న అంబులెన్సు ఆరాంఘర్ వైపు మళ్లేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. సిల్వియా ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉంది. చేతి తొడుగులు విప్పాలన్న ధ్యాస కూడా లేదు.

శంషాబాద్ హైవే పక్కన పన్నెండు మంచాల ప్రైవేటు ఆసుపత్రి అది. కాన్పుల గదిలో నర్సు సిల్వియా. జీతం నెలకు ఆరువేల ఐదువందలు. ఆ మాత్రం జీతం ఎక్కడైనా దొరుకుతుంది. ఆమె ఓర్చుకుంటున్నది అనుభవ పత్రం కోసం. కాన్పుల గదిలో రెండేళ్లు చేసినట్టు ఆసుపత్రి రాసిస్తే నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది చదివితే అవసరమైన మందు తానే నిర్ణయించి ఇవ్వొచ్చు. ఇంకా ఇరవై రెండు రోజులే మిగిలాయి.

పొద్దున ఎనిమిదిన్నరకు నిర్మలను వాళ్లమ్మ రుక్మిణమ్మ తీసుకొచ్చింది. తొలిచూలు. పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. బీపీ కొంచెం ఎక్కువగానే ఉంది. అరగంటకోసారి చూడాలనుకుంది సిల్వియా. తొమ్మిదింటికి మేనేజర్ జగదీశ్ తలుపు దగ్గరికి వచ్చాడు. విమానాశ్రయంలో పనికి కుదిరే కాంట్రాక్టు కూలీలు అరవై మంది ఫిట్‌నెస్ పరీక్షలకు వచ్చి కింద వరుస కట్టారు.

“రక్తం తీసెటోళ్లు లేరు. జర కిందికి రా సిస్టర్. గంటల అయిపోతది.”

గంట కాదు, మూడు గంటలయింది. పన్నెండింటికి రుక్మిణమ్మ మెట్లు దిగి పరుగున వచ్చింది. “సిస్టరమ్మా! తలకాయ పలుగుతుందంటున్నది నా బిడ్డ. కండ్లకు ఏం కనవడ్తలేదంట!”

బీపీ నూట ఎనభై దాటింది. ఏ సూది వెయ్యాలో సిల్వియాకు తెలుసు. మందు అలమారులోనే ఉంది. డాక్టరు చెప్పకుండా వెయ్యడానికి లేదు. డాక్టరమ్మ షాద్‌నగర్‌లో మరో ఆసుపత్రిలో ఉంది. మూడుసార్లు ఫోన్ మోగి ఆగిపోయింది. నాలుగోసారి ఆమె ఎత్తి, వెయ్యమని చెప్పేలోపే నిర్మలకు ఫిట్స్ వచ్చాయి. పళ్ల మధ్య నాలుక నలిగి రక్తం కారింది. సూది వేసి, పట్నంలోని పెద్దాసుపత్రికి పంపారు.

నాలుగింటికి జగదీశ్ తన గదికి పిలిచాడు. పెద్ద నర్సు లీలమ్మ అప్పటికే అక్కడ నిలబడి ఉంది. బల్ల మీద నిర్మల కేసు కాగితం.

“మూడు గంటలు ఖాళీ ఉన్నయి. అరగంటకోసారి చూసినట్టు నింపు.”

“నేను చూడలే సార్. నన్ను కిందికి తోల్కపోయింది మీరే.”

“గదంతా ఎవరికి కావాలె? రేపు ఆళ్ల మనుషులొచ్చి లొల్లి చేస్తే ముందుగాల నిన్నే అడుగుతరు. నీ మంచికే చెప్తున్న. నీ సర్టిఫికెట్ల సంతకం పెట్టేది నేనే, యాదికుంచుకో.”

సిల్వియా లీలమ్మ వైపు చూసింది. బిడ్డ అడ్డం తిరిగితే చేత్తో ఎలా పోల్చుకోవాలో, ఏడవని పసికందును ఎలా ఏడిపించాలో నేర్పింది ఆమే.

“రాసెయ్ బిడ్డా,” అంది లీలమ్మ నేల చూస్తూ. “ఇరవై ఏండ్ల సంది నేను రాస్తలేనా?”

సిల్వియా పెన్ను తీసింది. తొమ్మిదిన్నర గడిలో పెన్ను మొన ఆనింది. అంకె రాలేదు. ఆ మూడు గంటలు నిర్మల ఏం చేసి ఉంటుంది? పిలిచి ఉంటుంది. పిలిచి పిలిచి ఊరుకుని ఉంటుంది.

అప్పుడే బల్ల మీది ఫోన్ మోగింది. పెద్దాసుపత్రి డ్యూటీ డాక్టరు. జగదీశ్ రెండు మాటలు విని, రిసీవరును అరచేత్తో మూశాడు. “బీపీ ఎప్పటిసంది పెరిగిందని అడుగుతుండు. పన్నెండు దాకా మంచిగనే ఉండెనని చెప్పు.”

సిల్వియా రిసీవరు అందుకుంది.

“పాపను తీశామమ్మా. తల్లికి ఇంకా స్పృహ రాలేదు,” అన్నాడు అవతలి డాక్టరు. “సరిగ్గా చెప్పండి. ఎప్పటినుంచి పెరిగింది?”

“తెల్వది సార్.” సిల్వియా కేసు కాగితం దగ్గరికి లాక్కుంది. “పొద్దున వచ్చినప్పుడే జర ఎక్కువుండె. తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఎవ్వరం చూడలే. నేను చూడాలె. చూడలే.”

అవతలి డాక్టరు అడిగాడు, “కేసు షీటులో అదే రాసుందా?”

“రాస్తున్న సార్.”

“మీ పేరేమిటమ్మా?”

జగదీశ్ చెయ్యి ఫోన్ మీదికి వచ్చింది. సిల్వియా రిసీవరును రెండు చేతులా పట్టుకుని గోడవైపు తిరిగింది.

“సిల్వియా,” అంది. వైరు బిగిసి ఫోన్ బల్ల అంచుదాకా జరిగింది. అవతలి ఆయనకు వినపడలేదేమోనని ఇంకోసారి, ఈసారి గట్టిగా చెప్పింది.