వక్షశ్ఛాయ

జ్యేష్ఠమాసాంతమున పారసీకసముద్రశాఖాతీరమందలి యా రేవుపట్టణమున సూర్యోదయ మన నొక యుపద్రవము విరుచుకొనిపడుటయే. తెల్లవారినది మొదలు కడలినుండి లేచిన యావిరి తెల్లని మేడల నావరించి వీధులను ఊపిరి యాడని యొక మహాకటాహముగ నొనర్చుచుండెను. ఖర్జూరవృక్షములు ధూళిధూసరితములగు మట్టల వ్రేలవైచుకొని కదలక నిలిచియుండెను. మసీదు గోపురములమీది పావురములు నోళ్లు తెరచి జరుగుచున్న నీడవెంట తామును జరుగుచుండెను. దూరమున లంగరువేసిన యోడలు నీటిపై గాక కరగిన సీసముపై నిలిచినట్లు తోచుచుండెను.

ఇప్పటికి ముప్పదియైదేండ్లనాటి మాట. అట్టి యొక యుదయమున ఆ పట్టణపు పాతయంగడివీధిలో అరబ్బుల తెల్లని నిలువుటంగీలను కుట్టు దర్జీ లింబాద్రి తన కుట్టుయంత్రముపై చేయి మోపి కుట్టుట మరచి కూర్చుండెను. నిజామాబాదు జిల్లాలో భీంగల్లు ప్రాంత మతని జన్మస్థానము. వయస్సు నలుబది. ఆ దేశమునకు వచ్చి పదునాలుగేండ్లు గడచెను. రెండేండ్ల కొక మారు అతని వీసా గడువు తీరుటయు అకామా యనబడు నివాసపత్రమును అతడు మరల పొడిగించుకొనుటయు పరిపాటి. ఇంతకుమున్ను దానికి రక్తపరీక్ష యొక్కటియే చాలియుండెను. ఆ యేట క్రొత్తశాసనము వెలువడెను. పొడిగింపు గోరు ప్రతి పరదేశియు రొమ్మునకు ఎక్సురే తీయించుకొనవలయును. ఊపిరితిత్తులలో క్షయచిహ్నము కానవచ్చినవాడు వారములోపల దేశము విడువవలయును. అట్టివాడు మరల నెన్నడును ఆ నేలపై నడుగిడరాదు.

లింబాద్రికి ఈ శాసనము మరణవార్తవలె వినబడెను. అతని తల్లి క్షయరోగమున చనిపోయెను. తొమ్మిదేండ్ల బాలుడుగ నతడు ఆమె ప్రక్కనే పరుండి ఆమె దగ్గులు వినుచు నిద్రించినవాడు. ఆమె మరణించిన పిదప ఊరివారు ఆమె పక్కబట్టలను కాల్చివేయుచు ఈ పిల్లనియందును ఆ నిప్పు దాగియే యుండునని తమలో తాము చెప్పుకొనగా నతడు వినెను. ఆ మాట ముప్పదియేండ్లుగ నతని రొమ్ములో కాపురముండెను. బట్టల నూగు గొంతున దిగి దగ్గు వచ్చినప్పుడెల్ల నతడు చేతిగుడ్డను రహస్యముగ విప్పి నెత్తురుకొరకు వెదకుకొనుచుండెను.

ఆ పట్టణమున నతనికి ఆరుగురు నివసించు గదియొకటి కలదు. అందు భూమన్న యనువాడు వయస్సున ఎనిమిదేండ్లు చిన్నవాడు. ఏడాదిన్నరక్రిందట వాని నెదుర్కొని తోడ్కొనిపోవ వచ్చెదనన్నవాడు రాకపోగా విమానాశ్రయపు నడవలో రెండుదినములు దిక్కులేక కూర్చుండి తెలుగున తనలో తాను మాటలాడుకొనుచుండిన వానిని మరియొకరిని సాగనంప బోయిన లింబాద్రి చూచి గదికి గొనివచ్చి అన్నముపెట్టి పురపాలకుల ఖర్జూరపుతోటలో పని కుదిర్చెను. నాటినుండి భూమన్న కతడు అన్న. భూమన్న దృఢకాయుడు. నడుమునకు త్రాడు చుట్టుకొని నిలువెత్తు ఖర్జూరముల నిచ్చెన లేక యెక్కువాడు. ఊరిలో వానికి భార్య రాజవ్వయు ఇద్దరు ఆడుబిడ్డలును కలరు. వాడు పంపిన సంపాదనతో ఇంటికి గోడలు లేచినవి. పైకప్పు మాత్రము కావలసియుండెను.

లింబాద్రి భోజనము మానుట చూచి భూమన్న కారణమడిగి తెలిసికొనెను. పిమ్మట గిన్నె ప్రక్కకు జరిపి యిట్లనెను.

"అన్నా, ఫికరు జెయ్యకు. నీ పేరుమీద నేను వోయి నిలవడ్త. వాళ్లు కాగితం జూస్తరు గని మొకం ఎవడు జూస్తడు?"

"దొరికితె ఇద్దరం జేలుకు పోతం రా" అని లింబాద్రి యనెను గాని ఆ కంఠమున నిషేధముకంటె ప్రార్థనయే హెచ్చుగ వినబడెను.

వ్రేలిముద్రలు గైకొను యంత్రము లింకను రాని కాలమది. పత్రములోని ఛాయాచిత్రము పదునాలుగేండ్లనాటిది. దట్టపు మీసమున్న తెలుగువాడెవ్వడైనను దానికి సరిపోవును. భూమన్న లింబాద్రి చొక్కా తొడిగి లింబాద్రి పేరునకు పలికి వైద్యశాలలో మూడువందలమంది వరుసలో నిలిచి చల్లని పలకకు రొమ్మునానించి తిరిగివచ్చెను. లింబాద్రి యానాడు కడుపునిండ తినెను.

ఎనిమిదవనాడు అతని కఫీలు, అనగా వీసాకు పూచీపడిన యంగడి యజమాని, వృద్ధుడగు అబూ నాసరు, తలుపు దగ్గరకు మూసి లింబాద్రిని కూర్చుండుమని సైగచేసి చేతికాగితమును చదివి వినిపించెను. ఎడమయూపిరితిత్తి పైభాగమున నీడయొకటి కనబడినదట. సంశయనివారణార్థము ఆనాటినుండి పదియవదినమున రెండవచిత్రము తీయుదురట. అందును నీడ నిలిచినచో పయనమే శరణ్యమట. పదునాలుగేండ్ల కొలువును తలచి యా వృద్ధుని కన్నులు చెమర్చెను.

లింబాద్రికి మొదట కలిగినది దుఃఖము గాదు. ఆ నీడ తనది కాదను నెరుక మెరుపువలె తగిలి యతని గుండె యొక్కక్షణము తేలికపడెను. మరుక్షణమున ఆ తేలికయే శతగుణభారమై క్రుంగదీసెను. ఎవ్వని రొమ్ము వెనుక తాను దాగుకొనెనో ఆ రొమ్మే తొలుచబడుచున్నది.

అతడు తిన్నగ తోటకు పోయెను. భూమన్న చెట్టుతలపై గెలలను కట్టుచుండెను. లింబాద్రి చెట్టుమొదలికడ నిలిచి వాడు దిగువరకు వేచి జరిగినదంతయు చెప్పెను. భూమన్న త్రాటిని చుట్టలుచుట్టుచు వినెను. చుట్టుట ముగిసిన తరువాతను ఆ చుట్టనే చూచుచుండెను.

"గా బొమ్మ నాదే గద" అని తుదకు పలికెను. "నువ్వు రెండోపారి నువ్వే పో అన్నా. నీకేం గాదు. నన్ను మాత్రం ఐదు నెలలు ఇడువు. పైకప్పు పడనియ్యి. నా అకామా తారీకునాడు వాళ్లే పంపిస్తరు. అప్పటిదాంక గీ ముచ్చట నీకు నాకే ఎరుక."

ఇచ్చటి వైద్యునికడకు పోయినను పయనమే గనుక పోనని భూమన్న యనెను. ఇంటికి పోయి మందుతినుమనగా పైకప్పుమాటయే చెప్పెను. లింబాద్రి తలయూచెను. తనకొరకు చావుచీటీని చేతబట్టి తెచ్చినవానితో ఎట్లు కాదనును?

పదియవదినమున లింబాద్రి ముప్పదియేండ్ల భయమును వెంటబెట్టుకొని తానే పోయి పలకముందు నిలిచెను. అతని యూపిరితిత్తులు నిర్మలములని తేలెను. తల్లి యా రొమ్మున ఏ నిప్పును విడిచిపోలేదు. అకామాపై రెండేండ్ల ముద్ర పడెను. అబూ నాసరు సంతోషించి ఇరుగుపొరుగు అంగళ్లవారికి కాఫీ పోయించెను. లింబాద్రి ఆ కాఫీని ముట్టక ప్రక్కన నుంచెను. తొలినాడే తన కాళ్లపై తాను నడచిపోయియున్న యెడల ఏ మోసమును అక్కరలేకపోయెడిది.

తరువాతి మాసములు గదిలో నెట్లు గడచినవో లింబాద్రికే యెరుక. కిటికీని తెరచియుంచువాడు. భూమన్న త్రాగు లోటాను ఎవ్వరును చూడకుండ వేడినీట కడుగువాడు. రాత్రులందు వాని దగ్గును వినుచు మరల తొమ్మిదేండ్లవాడై పడియుండువాడు. భూమన్న మెడయెముకలు పైకి తేలినవి. చెట్టునడుమ నాగి సేదదీర మొదలిడెను. వర్షములేని యా దేశమున చలిగాలి తిరిగినది. నాలుగవమాసాంతమున ఒకనాటి యుదయము వంటపొయ్యికడ గదివారిలో వృద్ధుడగు సాయన్న ఎడతెగక దగ్గుచు కూలబడెను. లింబాద్రి చేతిలోని పిండి నేలరాలెను. ఇంకొకడు కూడనా యనుకొనెను. ఎవ్వరితోడను చెప్పక చొక్కా తొడిగికొని పోయి మలయాళదేశీయుడగు తోటపర్యవేక్షకునికి భూమన్నవ్యాధిని గూర్చి చెప్పివేసెను. తన పేరు బయటపెట్టవలదని వేడుకొనలేదు. వేడుకొనుటకు ముఖము చెల్లలేదు.

ఆ మధ్యాహ్నమే భూమన్నను వైద్యశాలకు గొనిపోయిరి. గదిలోని తక్కినవారినందరిని పరీక్షించిరి. ఎవ్వరికిని ఏమియు లేదు. సాయన్నది మిరపకాయల ఘాటునకు వచ్చిన దగ్గు మాత్రమే. ఆ వార్త విన్న గదివారందరు దేవునికి మ్రొక్కిరి. లింబాద్రి యొక్కడు మాత్రము గోడకు తిరిగి పరుండెను. తాను చెప్పినది వారి ప్రాణములకొరకా? భూమన్నప్రాణమునకొరకా? లేక యా దగ్గును ఇక వినజాలకనా? అను ప్రశ్న యతనిని పట్టుకొనెను.

నాలుగవనాడు భూమన్న పెట్టెకొరకు గదికి వచ్చెను. వాకిట అధికారులు నిలిచియుండిరి. లింబాద్రి వాని బిడ్డలకు కుట్టియుంచిన గౌనుల మూటను చేతికిచ్చెను. భూమన్న దానిని కోపముతో నెట్టివేయలేదు. మెల్లగ మంచముపై నుంచి పెట్టెను భుజమున నెత్తుకొని వెడలిపోయెను.

లింబాద్రి ఏడు ఉత్తరములు వ్రాసెను. బదులు రాలేదు. రెండేండ్లు కావచ్చుచుండగా సెలవుపై స్వదేశమునకు వచ్చి శ్రావణమాసపు ముసురులో భూమన్న యూరికి పోయెను. కప్పులేని గోడలు తడిసి నల్లబడి యుండెను. వాటి ప్రక్కన పాతగుడిసె యరుగుపై భూమన్నయు రాజవ్వయు చాటలు ముందిడుకొని బీడీలు చుట్టుచుండిరి. నిజామాబాదు ఆసుపత్రిలో పదునెనిమిది మాసములు మందుతిని భూమన్న స్వస్థుడయ్యెను. ఇంకొక మాసము జాగుచేసియున్న దక్కెడివాడు కాడని వైద్యుడనెనని రాజవ్వ చెప్పెను. చెప్పుచు లింబాద్రికి చేతులు జోడించెను. ప్రాణము దక్కినది గాని బలము తిరిగి రాలేదు. వాని భుజములు ముదుసలి భుజములవలె ముందునకు వంగియుండెను.

భూమన్న లేచి పీట వాల్చి తానే చెంబుతో నీళ్లు తెచ్చియిచ్చెను. పంటలను గూర్చి అడిగెను. అబూ నాసరు క్షేమమడిగెను. లింబాద్రి లేవబోవునప్పుడు మాత్రము చాటలోని ఆకునొకదానిని తీసికొని అంచులు సవరించుచు కన్నులెత్తక యిట్లనెను.

"నువ్వు చెప్పింది నా మంచికే అన్నా. చెప్పకపోతె నేను సచ్చిపోతుంటి. రాజవ్వ దినాం గదే అంటది." ఆకును సగము చుట్టి ఆగెను. "గని నేనైతె నీ మీద చెప్పకపోతుంటి."

ఆ రెండుమాటలును సత్యములే. ఒక దానిని తీసికొని రెండవదానిని ఆ యరుగుపైనే విడిచిపోవుటకు ఏ మార్గమును లింబాద్రికి కానరాలేదు. మనుష్యుడు తోడివాని ప్రాణమును కాపాడియు వానికి ద్రోహియై మిగులుట కలదని శాస్త్రములు చెప్పునో లేదో గాని బ్రదుకు చెప్పుచునే యుండును. అతడు నమస్కరించి వానలోనికి దిగెను. వెనుకనుండి ఎవ్వరును పిలువలేదు. బస్సు వచ్చుదాక నతడు రోడ్డుప్రక్కన నిలిచియుండెను. ఎదుట నాట్లువేయు స్త్రీలు మోకాలిలోతు బురదలో వంగి వరుసగ వెనుకకు వెనుకకు జరుగుచుండిరి. వారు విడిచిన జాడలలోనికి నీరు సద్దుచేయక నిండుచుండెను.