సన్నే పొయ్యి దగ్గర కూర్చున్న పిల్ల

దోర్నపాల్ నుంచి లోపలికి ఆరు కిలోమీటర్లు వస్తే, రోడ్డు పేరుకే రోడ్డు, తీరుకు మడుగు. సగం నడిచి సగం ఈది దేవే ఆ మధ్యాహ్నం ఆయతు ఇంటికి చేరింది. ఆయతు కోసం కాదు, అతని దగ్గరున్న పుస్తకం కోసం. ఇద్దరూ బి.ఏ. రెండో ఏడు, కాళ్లు అరిగితేగాని అందని కాలేజీ. మర్నాడు పరీక్ష. తొలినాటి అమెరికా సాహిత్యంలో ఆడపిల్లలు అన్నది పాఠం. అడవిలో బందీలైనవాళ్లు, విడిపించినా ఇంటికి రామని మొండికేసినవాళ్లు.

ఆయతు లేడు. వాన దంచుతోంది. దేవే లోపలికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుని చేతులు కాచుకుంది.

ఆయతు తల్లి సన్నే వాకిట్లోకి తొంగిచూసింది. "ఒంటిగనే వచ్చినవా బిడ్డా?"

"ఒంటిగనే అత్తా."

"ఎవ్వరు పంపలే?"

"ఎవరు పంపుతరు? నేనే వచ్చిన."

సన్నే ముఖం వెలిగింది. పొయ్యి వెలుగు కాదది.

పెళ్లికాని వాడి ఇంట్లోకి పిల్ల ఒంటరిగా, తనంత తానుగా వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంటే ఆమె కోరి వచ్చిన కోడలు. తల మీద పసుపునీళ్లు పోస్తే ముడి పడ్డట్టే. దీన్ని పైఠు అంటారు. ఆడపిల్ల ఇష్టం కోసం పుట్టిన ఆచారం. ఆరో ఏట నుంచి హాస్టల్లో పెరిగిన దేవేకు హాజరు తెలిసినంతగా ఆచారం తెలియదు.

సన్నే కంచె మీదుగా ఒక కేక వేసింది. అరగంటలో చుట్టాలు చుట్టుముట్టారు, అరుగు మీద చుట్టలు ముట్టించారు. పెరట్లో ఒక కోడి అరిచి, ఆగిపోయింది. కోడలి కోసం కోడి! దేవేకు మొదట నవ్వొచ్చింది. తర్వాత గుమ్మానికి అడ్డంగా ఊరి పెద్ద రామనర్సయ్య వీపు కనిపించింది.

"తాతా, జర జరుగు. నేను పోవాలె."

"ఎక్కడికి పోతవ్? ఇల్లు ఇదే గద!"

"రేపు పరీక్ష ఉంది."

"పెండ్లి కంటె పెద్ద పరీక్ష ఏంది? పాసైనోళ్లు ఈడ ఒక్కరు లేరు!"

అరుగంతా పగలబడి నవ్వింది. నోళ్లు నవ్వాయి, కళ్లు నవ్వలేదు. లోపల సన్నే చెంబులో పసుపు కలుపుతోంది. ఫోన్లో సిగ్నల్ లేదు.

అంతలో ఆయతు తడుస్తూ వచ్చాడు. "పుస్తకం కోసమే వచ్చిన, చెప్పు ఆయతూ," అంది దేవే. ఆయతు తల్లి ముఖం చూసి, తల తుడుచుకుంటూ అరుగు చివర కూర్చున్నాడు.

దేవే లేచి గోడకు వీపు ఆనించింది. "ఇది నా ఇష్టం మీద నడిచే రివాజు గద తాతా? ఇష్టమేనా అని అందరి ముందు అడుగు."

"వచ్చినంక అడిగేదేంది?"

"అడగకుంటే నేను వచ్చినట్టు కాదు, మీరు పట్టినట్టు."

రామనర్సయ్య చుట్ట ఆరిపోయింది. ఆయన తప్పక అడిగాడు. "ఇష్టమేనా?"

"కాదు."

సన్నే చెంబును పొయ్యి పక్కన దించింది. "నా పొయ్యి కాడ కూసొని కాదంటే నా ఇంటికి అరిష్టం."

"ఇష్టం లేదంటే అరిష్టమా అత్తా?"

"పొయ్యిని గట్ల తొక్కి పోయేది ఆడపిల్ల గాదు," అంది సన్నే మెల్లగా. "టోన్హీ."

మంత్రగత్తె అని ఆ మాటకు అర్థం. పాఠంలోని పాత అమెరికా ఊళ్లలోనూ ఆ మాటకు ఇంతే బలం. అక్కడ ఆ మాట పడ్డవాళ్లను ఉరి తీసేవాళ్లని దేవే చదివింది.

రామనర్సయ్య గుమ్మంలోంచి తప్పుకున్నాడు. అందరూ తప్పుకున్నారు. ఆమె పైట గాలి తగలకుండా గోడకు ఒదిగారు. ఆయతు పుస్తకం తెచ్చాడు. చేతికివ్వలేదు, నేల మీద పెట్టి వెనక్కి జరిగాడు.

దేవే దాన్ని తీసుకుని వానలోకి దిగింది. ఎవరూ ఆపలేదు. ఎవరూ వెంట రాలేదు. ఊరి చివరిదాకా ఒక్కో ఇంటి తలుపు ఆమె చేరేలోపే మూసుకుంటూ పోయింది. లోపల ఎవరో గడియ పెడుతున్న చప్పుడు.