గర్హణీయం అనగా

కాగితం, కార్బను, కాగితం, మళ్ళీ కార్బను... పొరలన్నీ సర్ది రోలర్‌లోకి ఎక్కించి, టైపిస్టమ్మ అంచులు సరిచూసుకుంది. ఎడమచేతి చిటికెనవేలు ఇరవై ఆరేళ్ళుగా అవే మీటలు నొక్కీ నొక్కీ కాస్త పక్కకి వంగింది. దాన్ని "ఆఫీసు వేలు" అంటాడు మొగుడు. మిగతా తొమ్మిదీ ఇంటివట, అందుకే వాటికి సెలవు లేదట.

ఇవాళ కొట్టాల్సింది బైండరు రిటైర్మెంటు ఉత్తర్వు. ఆఫీసు రిజిస్టర్లన్నీ ముప్ఫై ఏళ్ళు కుట్టిన చెయ్యి ఈ సాయంత్రం అయిదింటితో ఖాళీ. "వీరి సేవలు ప్రశంసనీయం," అని చెప్పి అధికారి ఆగాడు. నెమ్మదస్తుడు.

"ఇంకో మంచి మాటేదైనా మీరే వెయ్యండమ్మా. మీకు తెలుగు బాగా వచ్చటగా."

"వద్దండీ. మీరు చెప్పిందే వేస్తాను," అంది ఆవిడ గబగబా.

ఒకసారి సొంతంగా వేసిన మాటే పదకొండేళ్ళయినా గొంతు దిగలేదు.

అప్పట్లో బైండరు జనన రిజిస్టరునీ మరణ రిజిస్టరునీ కలిపి ఒకే అట్టలో కుట్టేశాడు. పుట్టినవాళ్ళ వెనకాలే పోయినవాళ్ళు, మధ్యలో ఒక్క తెల్లకాగితమైనా లేకుండా. "ఎలాగూ చివరికి వెళ్ళేది అటే కదండీ," అన్నాడు, నవ్విస్తే గండం గడుస్తుందనుకుని. అప్పటి అధికారికి కోపం ముక్కుమీదే కాపురం. అయినా మెమోలో మాత్రం మెత్తగానే చెప్పాడు: "మీ నిర్లక్ష్యం విచారకరం. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను."

విచారకరం! చప్పిడి కూడులా ఉంది. కాలేజీలో తెలుగుకి బహుమతి తెచ్చుకున్న మనిషి ఆవిడ; ఆ విద్య చూపించుకునే సందు ఆఫీసులో ఎప్పుడో గాని దొరకదు. అంతకు వారం ముందే ఏదో సర్క్యులర్లో 'గర్హణీయం' అన్న మాట కనబడింది. నిండుగా, పట్టుచీర కట్టినట్టుంది. తీవ్రంగా నిందించదగినది అని దాని అర్థం ఆవిడకి తెలుసు. పులుసులో ఉప్పు సరిచేసినంత తేలిగ్గా మార్చేసింది. అధికారి చదవకుండా సంతకం పెట్టాడు. ఒక కాపీ పై ఆఫీసుకి వెళ్ళింది.

ఇంకో కాపీ పట్టుకుని బైండరు ఆవిడ దగ్గరికే వచ్చాడు. కూడబలుక్కుని చదవగలడు. వేలు ఆ మాట మీదే ఆగిపోయింది.

"టైపిస్టమ్మగారూ, ఇదేంటండీ? తిట్టా?"

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడిచింది. శుభ్రంగానే ఉన్నాయి, అయినా తుడిచింది.

"తిట్టు కాదు... గర్వించదగ్గది అని."

"అంటే పొగిడారా?"

"అలాంటిదే. ఊరికే ఓ కాగితం. ఫైల్లో పెట్టేసుకోండి."

పెట్టేసుకున్నాడు. పొగిడినవాళ్ళకి సంజాయిషీ ఏమని రాస్తారు? ఏడు రోజులూ గడిచాయి. గర్హణీయుడు, పైగా జవాబైనా ఇవ్వనివాడు అని పై ఆఫీసు తేల్చింది. అతనికి రావలసిన రికార్డు గుమాస్తా పని అతని వెనక చేరినవాడికి పోయింది. "మన నుదుట లేదండీ," అని అతను మళ్ళీ జిగురు కలుపుకున్నాడు. ఆ తర్వాత కూడా రోజూ పొద్దున్నే ఆవిడకి ముందుగా నమస్కారం పెట్టేది అతనే. ఆ నమస్కారం అందుకోవడానికే ఆవిడకి ఒళ్ళంతా ముళ్ళు. అందుకే ఇవాళ అయిదు లోపు చెప్పెయ్యాలి. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

మధ్యాహ్నం ఉత్తర్వు పట్టుకుని బైండింగు గదికి వెళ్ళింది. కిటికీలోంచి పడే ఎండలో కాగితపు నుసి తేలుతోంది. ఇస్త్రీ చొక్కా మీద పాత ఏప్రను వేసుకుని అట్టలు కోస్తున్నాడు. చివరి రోజని పనికి తెలియనివ్వలేదు.

"రండి రండి. మా ఆవిడ మీకో మాట చెప్పమంది. మీ పని గర్హణీయం అంట!"

టైపిస్టమ్మ ఉత్తర్వు ఇవ్వబోయి ఆగింది. "ఆ మాట... ఆవిడకెలా?"

"భలేవారే, నేనే చెప్పాను కదండీ. మా వీధంతా వాడకం అయిపోయింది. అమ్మాయి పెళ్ళిలో వియ్యపురాలితో కూడా అంది, మీ సంబంధం మాకు గర్హణీయం వదినగారూ అని."

"ఆవిడేమంది?"

"మురిసిపోయిందండీ."

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఏడుపొచ్చింది. అలాగే, కళ్ళద్దాలు తుడవకుండా, మొత్తం చెప్పేసింది. మాట అర్థం, దాన్ని వేసింది ఎవరు, గుమాస్తా పని ఎందుకు పోయింది. చెబుతున్నంతసేపూ అతని కత్తెర అట్ట మధ్యలో తెరుచుకునే ఉంది.

"అయితే అయ్యగారు ముందు చెప్పిన మాటేంటండీ?" అన్నాడు.

"విచారకరం."

"అది నాకు తెలుసు," అన్నాడు మెల్లిగా. "ఆ మాటైతే అడిగేవాణ్ణి కాదు. తప్పయింది, క్షమించండి అని ఆ రోజే రాసిచ్చేవాణ్ణి."

అతను తిడతాడని ఆవిడ ఎదురుచూసింది. తిడితే బావుండేది. అతను కత్తెర మూశాడు.

"మా ఆవిడకి మాత్రం చెప్పకండి. ఈ వయసులో వియ్యపురాలి ముందు తల దించుకోలేదు."

"క్షమించండి బైండరుగారూ."

అతను చెయ్యి చాపాడు. ఉత్తర్వు తీసుకుని, మడిచి, చదవకుండా జేబులో పెట్టుకున్నాడు. ప్రశంసనీయం అంటే ఏంటని అడగలేదు.

అయిదింటికి అందరి బల్లల దగ్గరికీ వెళ్ళి "వస్తానండీ, వస్తానండీ" అన్నాడు. ఆవిడ బల్ల దగ్గర ఆగాడు. ఎప్పుడూ ముందుగా లేచే చేతులు లేవలేదు.

"వెళ్తానండీ," అన్నాడు.

రెండక్షరాల తేడా. అక్షరాలతో బతికే మనిషికి ఆ తేడా ఎంతో ఎవరూ చెప్పనక్కర్లేదు.

అందరూ వెళ్ళాక ఆవిడ బైండింగు గదిలోకి తొంగి చూసింది. ఏప్రను కొక్కేనికి లేదు. బల్ల తుడిచేసి ఉంది. మూలన ఓ డబ్బా నీళ్ళలో, రేపు వచ్చేవాడికి బిరుసెక్కకుండా, కడిగి నిలబెట్టిన జిగురు కుంచె.