మడతలో తమ్ముడు

చీకటి పడబోతుండగా వాచ్‌మన్ విజిల్ ఊదేవాడు. ఆటలు ఆగని పిల్లలూ, కబుర్లు తెమలని ముసలాళ్ళూ గొణుక్కుంటూ గేటు దాటేవాళ్ళు. అప్పుడు అతని భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చేది. మొగుడూ పెళ్ళాం చెరో రెండు మూలలూ పట్టుకుని, దుప్పటి దులిపినట్టు ఓసారి దులిపి, పార్కుని మడతపెట్టి ఇంటికి తీసుకెళ్ళి బీరువాలో పెట్టేవాళ్ళు. బట్టలన్నీ పచ్చిగడ్డి వాసన వేస్తున్నాయని ఆవిడ సణుగుడు. కానీ ఏం చేస్తారు? పరిచి వదిలేస్తే తెల్లారేసరికి చుట్టుపక్కల గోడలు లోపలికి జరిగిపోతాయి. మనుషుల సంగతి తెలిసిందేగా! మూసేవేళకి పార్కులో ఉన్నదేదైనా ప్రజలదేనని, సొంతానికి తీసుకుపోవడం నేరమని గేటు మీద బోర్డు కూడా ఉంది. దాన్ని చదివినవాడు లేడు.

ఆవిడకో తమ్ముడు. కాంట్రాక్టరు. పార్కుని ఆనుకునే దుకాణాలు కట్టిస్తున్నాడు.

“అక్కా, నా గోడ వైపు మూల ఒక్కటీ మడత విప్పకు. కొన్నేళ్ళు నా చేతిలో ఉంటే ఆ జాగా నాదే అంటాను.”

“మీ బావ ఉద్యోగం పోతుందిరా!”

“తమ్ముడి కంటే ఉద్యోగం ఎక్కువైపోయిందా?”

ఎత్తుకుని పెంచిన తమ్ముడాయె. ఆవిడ ఇట్టే కరిగిపోయింది. మర్నాటి నుంచి ఆ మూల మడతలోనే ఉండిపోయింది. తమ్ముడు అక్కడ చకచకా ఇటుకలు దింపించాడు. పార్కు చిన్నదైందేమిటని ముసలాళ్ళు అడిగితే, “ఉతికితే కుంచించుకుపోయింది” అని బుకాయించింది. మొగుడు మాత్రం ఏమీ అడగలేదు. ఆవిడ వైపు మూలల్ని అతనెప్పుడూ తరచి చూసి ఎరగడు. ఆ నమ్మకం తలుచుకుంటేనే ఆవిడకి అన్నం సయించేది కాదు.

ఇంతలో పార్కుల ఆఫీసరు రేపు టేపు పట్టుకుని వస్తున్నాడని కబురొచ్చింది. జాగా తగ్గితే ఉద్యోగం, ఉంటున్న క్వార్టరు రెండూ హుళక్కే. ఆవిడ తమ్ముడి దగ్గరికి పరిగెత్తి, “రేపు విప్పేస్తానురా” అని చెప్పేసింది.

ఆ సాయంత్రం అతను వచ్చి పార్కు బెంచీ మీద బైఠాయించాడు. విజిల్ మోగినా లేవలేదు.

“విప్పనని మాటిస్తేనే లేస్తాను.”

“లేవరా, మడతపెట్టాలి.”

“పెట్టుకో! నాతో సహా పెట్టుకో!”

వాచ్‌మన్ అయోమయంగా పెళ్ళాం వంక చూశాడు. ఆవిడ బావురుమని జరిగిందంతా చెప్పేసింది. అతను వంగి తన వైపు మూలలు అందుకున్నాడు.

“నీ మూలలు గట్టిగా పట్టుకో,” అన్నాడు.

మడతపెట్టేశారు. బీరువాలోంచి కాసేపు తిట్లు వినిపించాయి, తర్వాత గురక.

పొద్దున్నే ఆవిడ ప్రతి మూలా లాగి మరీ పరిచింది. ఇటుకల మీద పచ్చటి గుట్ట తేలింది. పిల్లలు అప్పుడే జారుడు మొదలెట్టారు. ఆఫీసరు కొలిచి, సరిపోయిందని తలూపాడు. అప్పుడు కనిపించాడు బెంచీ మీద తమ్ముడు, చొక్కా నిండా మడతలతో.

“ఈయన రాత్రి పార్కులోనే ఉన్నాడా?”

“బీరువాలో ఉన్నాడండీ. పార్కుతో పాటే.”

ఆఫీసరు గేటు మీది బోర్డు చూపించాడు. “అయితే ప్రజల ఆస్తి. ఇంటికి తీసుకెళితే కేసే.”

తమ్ముడు లబోదిబోమన్నాడు. వకీలు పార్కుకే వచ్చి, విడిపించమని అర్జీ రాసుకెళ్ళాడు. అందరి ఆస్తిని ఒక్కరికి రాసివ్వడం కుదరదని జడ్జి కొట్టేశాడు. తమ్ముడి భార్య రోజూ క్యారేజీ తెచ్చి, అతనితో మాట్లాడ్డానికి అందరితో పాటు లైన్లో నిలబడేది. ముసలాళ్ళు అతనికి ఆనుకుని కునుకు తీసేవాళ్ళు. పిల్లలు ఉయ్యాల ఊపమనేవాళ్ళు. మొదట్లో కసురుకున్నాడు. పోనుపోను ఊపకపోతే అతనికే తోచేది కాదు.

ఒకరోజు సాయంత్రం పక్క హోటలాయన ఆవిడ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “అమ్మా, నా వైపు మూల కాస్త మడతలోనే...”

ఆవిడ నోరు విప్పేలోపే ఉయ్యాల దగ్గర్నుంచి కేక.

“అంగుళం తగ్గినా ఊరుకునేది లేదు! నేను కాళ్ళెక్కడ చాపుకోవాలి?”

హోటలాయన జారుకున్నాడు. ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తమ్ముడు రుసరుసలాడుతూనే వెళ్ళి, ఒకప్పుడు తను కాజేయబోయిన మూలలో గడ్డి మీద పడుకున్నాడు.

“అక్కా, నిన్న మడత సరిగ్గా నడుం మీద పడింది. ఇవాళ కాస్త చూసి పెట్టు.”

“సరేలేరా, పడుకో,” అంటూ ఆవిడ మూల అందుకుంది.