చచ్చిపోవాల్సిన ఐదో డిష్

చచ్చిపోవాల్సిన ఐదో డిష్‌లో కణాలు పండగ ముందురోజు జంషెడ్‌పూర్ సాక్చి బజారులా కిటకిటలాడుతున్నాయి.

హిమబిందు మైక్రోస్కోప్ మీంచి తలెత్తి, నమ్మలేక మళ్లీ వంగి చూసింది. మూడో డిష్ తీసి పెట్టింది. అందులో అన్నీ శవాలే.

రేపు పదకొండింటికి కమిటీ. మూడేళ్ల పరిశోధన తేలేది అక్కడే. ఎముక మజ్జలో రక్తాన్ని పుట్టించే మూలకణాలన్నీ ఒకే తీరువి కావని ఆమె వాదన. కంటికి కవలల్లా ఉంటాయి గానీ, ఒకటి ప్లేట్‌లెట్లనే కంటుంది, ఇంకొకటి తెల్లకణాలవైపు మొగ్గుతుంది. ఒకదానికి ఎముక కణాల పొరుగు కావాలి, ఇంకొకదానికి రక్తనాళపు గోడ కణాల పొరుగు. ఏ పొరుగూ లేకపోతే బతకవు. అందుకే ఆరు డిష్‌లు పెట్టింది. మొదటి రెంటిలో అడుగున ఎముక కణాలు పరిచింది, తర్వాతి రెంటిలో నాళం కణాలు. చివరి రెంటిలో ఏమీ పరచలేదు. ఆరోది బుద్ధిగా చచ్చిపోయింది. ఐదోది తిరునాళ్లు చేసుకుంటోంది.

కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌లో కింది అర జూనియర్ సూరజ్‌ది. ముందు అతన్నే పట్టుకుంది.

"మైనే ఛువా భీ నహీ, దీదీ," ముట్టుకోనే లేదన్నాడు సూరజ్. నిన్నంతా ఊళ్లోని కాసిడీహ్‌లో పూజ పందిరి దగ్గరే ఉన్నానంటూ ఫోన్‌లో పదిహేడు ఫోటోలు చూపించాడు. అన్నింటిలోనూ లడ్డూ తింటున్నాడు. వదిలెయ్యక తప్పలేదు.

ఈలోగా గైడ్ మార్తా మేడం వచ్చి మైక్రోస్కోప్ ముందు కూర్చుంది.

"పైన ఏటి సూత్తన్నావు పిల్లా? అడుగున సూడు."

ఐదో డిష్ అడుగున నాళం కణాలు గచ్చు రాళ్లలా పరుచుకుని ఉన్నాయి. మూడోదాని అడుగు బోసి. కణాలు ఏ నియమమూ తప్పలేదు, తప్పింది మూతల మీది అంకెలే! హిమబిందు తిరుగుడు స్టూలు మీద మూడు చుట్లు తిరిగింది. సూరజ్ ఇంకో చుట్టు తిప్పాడు.

మార్తా మేడం స్టూలు పట్టుకుని ఆపింది. అంకెలు ఎవరు మార్చారో, ఎలా మార్చారో రాతపూర్వకంగా లేకపోతే కమిటీ ఆరు డిష్‌లనూ కొట్టిపారేస్తుందని చెప్పింది. మూడేళ్లూ బూడిదే.

హిమబిందు మూతలు పరిశీలించింది. అంకెలు డిష్ పక్కన రాయకుండా మూత మీద రాయడం ఆమె బద్ధకం. కానీ ఇవి ఆమె అంకెలు కావు. కరిగిన ఉక్కును మోసే లేడిల్ బాన మీద సుద్దతో వేసినట్టు నిటారుగా, లావుగా ఉన్నాయి. ఇంక్యుబేటర్ తలుపుకి బంతిపూరేకు ఒకటి అంటుకుని ఉంది.

నిన్న విశ్వకర్మ పూజ. ఆ రోజు జంషెడ్‌పూర్‌లో కడగని యంత్రం ఉండదు. ల్యాబ్ తాళాలు ఉన్నవాడూ, ముప్పై ఏళ్లు ఉక్కు ప్లాంటులో పనిచేసి వచ్చినవాడూ ఒక్కడే, అటెండర్ బంగారురాజు.

అతను వరండాలో బూందీ ప్రసాదం పంచుతున్నాడు. ముగ్గురూ ఎదురొచ్చేసరికి చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. అతని కాంట్రాక్టు పొడిగించేదీ లేనిదీ వచ్చేవారమే తేలుతుంది. ఆ సంగతి నలుగురికీ తెలుసు.

"బాబాయ్, నువ్వు చెప్తేనే నా చదువు నిలబడుతుంది," అంది హిమబిందు.

బంగారురాజు గిన్నె సూరజ్ చేతికిచ్చి, చేతులు తుడుచుకున్నాడు.

"నేనే తల్లీ. పూజ రోజున మెషీను మురిగ్గా ఉంటే నాకు నిద్ర పట్టదు. ఆపలేదు, ఆపితే అవి సల్లబడిపోతాయని తెలుసు. అరలు తుడిసేను. నీ మూతలకి ఆవిరి పట్టీసుంది. గ్లౌజులు ఏసుకుని, దుమ్ము పడని ఆ గాలిపెట్టె కిందే మూతలు తీసి స్పిరిట్‌తో తుడిసీసేను. తుడిత్తే నీ అంకెలు పోనాయి. మా ప్లాంటులో నంబరు లేని లేడిల్ కదలకూడదు. అందుకని గుర్తున్న వరసలో నేనే రాసీసేను. మూడుకీ ఐదుకీ తిరగబడినట్టుంది. మేడం, కాయితం తెండి, ఇదంతా రాసి సంతకం ఎడతాను. ఆరోదాన్ని మాత్రం నేను సంపలేదు తల్లీ, దానంతటదే పోయింది."