పాత బంతి ఆగేదాకా

పొద్దున్నే తన లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ మిషను వేడెక్కేలోగా పిచ్చుక ఒంటికాలి మీద నిలబడి, ఉతకడానికొచ్చిన కోట్ల జేబులు వెతుకుతూ ఉంటుంది. ఒక కోటు కుడికాలి మీద, ఇంకోటి ఎడమకాలి మీద. మొదట్లో అక్కడ పనిచేసే ఆడవాళ్ళు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. ఇప్పుడు వాళ్ళూ అలాగే నిలబడుతున్నారు. మోకాళ్ళ నొప్పులు తగ్గాయని ఒకావిడ అందరికీ చెబుతోంది కూడా.

పిచ్చుకకి అరవై మూడేళ్ళు. పొట్టిగా, గట్టిగా, ఒక్కచోట కాలు నిలవకుండా ఉంటుందని గోడకి బంతి కొట్టి ఆడే స్క్వాష్ క్లబ్బులో ఎవరో ఆ పేరు పెట్టారు. అసలు పేరు ఆమెకే గుర్తుచేసుకుంటే గానీ గుర్తురాదు.

ఆమె చేతికి రాకెట్ ఇచ్చింది వదిన, అన్నయ్య భార్య. పిచ్చుక భర్త చనిపోయిన ఏడాది అది. దుకాణం మూసి, కిటికీలు మూసి, మంచం మీంచి లేవకుండా పడుంటే, వదిన వచ్చి దుప్పటి లాగేసింది. "ఏడవాలనుంటే ఏడువు, నేనేం కాదనను. కానీ పరిగెడుతూ ఏడువు" అని కోర్టుకి లాక్కెళ్ళింది. అప్పటినుంచీ వారానికి మూడు రోజులు ఇద్దరూ ఆడుతూనే ఉన్నారు. ఏడుపు ఎప్పుడు ఆగిందో పిచ్చుకకి తెలీదు. పరుగు మాత్రం ఆగలేదు.

వదిన బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పొడగరి. ఒక్క అడుగు కూడా వృథాగా వెయ్యదు. కోర్టు మధ్యలో మేకు దిగేసినట్టు నిలబడి ఎదుటిమనిషిని నాలుగు మూలలకీ తిప్పుతుంది. ఇంట్లో ఇద్దరిదీ ఒకే మాట. కోర్టులోకి దిగితే మాత్రం ఉప్పూ నిప్పూ. ఏటా క్లబ్బులో జరిగే పెద్దల పోటీల్లో పిచ్చుక ఇంతవరకూ వదినని ఓడించలేదు. ఓడిన ప్రతిసారీ వదిన భుజం తట్టి, "బాగా ఆడావే" అంటుంది. ఆ "బాగా" వింటే పిచ్చుకకి ఒళ్ళు మండిపోతుంది.

వాళ్ళు ఆడే కోర్టు ముందు గోడకి ఒక గుణం ఉంది. కొట్టిన బంతుల్లో ఎప్పుడో ఒకటి వెనక్కివ్వదు. తగిలిన చప్పుడు వినిపిస్తుంది గానీ బంతి రాదు. ఆడేవాళ్ళు జేబులోంచి ఇంకోటి తీసి మళ్ళీ సర్వీసు చేస్తారు. లోపలికెళ్ళిన బంతి నెలకో, పదేళ్ళకో, ఎవరో ఇద్దరు ఆడుతుండగా బయటికొస్తుంది. అప్పుడు "పాత బంతి" అని కేకేసి ఇద్దరూ ఆగిపోవాలి. అది దొర్లి దొర్లి తనంతట తాను ఆగేదాకా ముట్టుకోకూడదు. అది ఆగకముందే ఎవరు ముందు రాకెట్ కింద పెట్టేస్తే వాళ్ళు ఓడినట్టే. ఆ తర్వాత ఆ పాయింటు మళ్ళీ ఆడతారు. క్లబ్బు తలుపు మీద అంటించిన నియమాల్లో, నల్ల అడుగు బూట్లతో లోపలికి రాకూడదన్న దాని కిందే ఇదీ ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళు ఓ వారం విసుక్కుంటారు, అంతే.

ఈ ఏడు ఎలాగైనా గెలవాలని పిచ్చుక పట్టుబట్టింది. ఈ వయసులో వేగం పెంచుకోవడం కష్టమని ఆమెకి తెలుసు. అందుకని ఆగడం నేర్చుకుంది. పరిగెత్తి, ఆగి, తిరిగి మధ్యకి రావడం. రోజు విడిచి రోజు ఈత. సబ్బునీళ్ళ డబ్బాలు రెండు చేతుల్తో ఎత్తి దింపడం. ఆటకి ముందు ఒళ్ళు వేడెక్కేదాకా నడక. పిక్కలు పట్టేస్తే పంతానికి పోకుండా ఆ రోజుకి ఊరుకోవడం. అన్నిటికంటే కష్టమైంది అదే.

వదిన మాత్రం ఈ మధ్య కాస్త మందకొడిగా ఉంటోంది. క్లబ్బు మెట్ల మధ్యలో ఆగి బూటు తాడు కట్టుకుంటోంది. ఆట మధ్యలో దవడ రుద్దుకుంటోంది. "ఏమైంది?" అంటే, "పన్ను సలుపు. నీ సంగతి చూసుకో" అంది. పిచ్చుక తన సంగతే చూసుకుంది. ఈసారి గెలుస్తానేమో అనుకుంది.

ఫైనలు వాళ్ళిద్దరికే పడింది. పై గ్యాలరీలో క్లబ్బువాళ్ళంతా చేరారు. వదిన భర్త, అంటే పిచ్చుక అన్నయ్య, ఎవరి పక్షమూ కాకుండా ఓ చివర కూర్చుని ఇద్దరికీ చెరో మంచినీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకున్నాడు. అంపైరుగా ఉన్నది క్లబ్బు పక్క వీధిలో పళ్ళ డాక్టరు. చెరి రెండు గేములూ గెలిచారు. అయిదో గేములో పిచ్చుకకి పది, వదినకి ఎనిమిది. ఇంకొక్క పాయింటు.

పిచ్చుక సర్వీసు చేసింది. వదిన ఎత్తుగా వెనక మూలకి కొట్టింది. పిచ్చుక గోడని రాసుకుంటూ తిరిగి పంపింది. వదిన ముందుకొచ్చి సుతారంగా వేసింది. పిచ్చుక ఉరికి అందుకుంది. వదిన మళ్ళీ వెనక మూలకి వెళ్ళడానికి తిరిగింది. అప్పుడు గోడలోంచి ఇంకో బంతి వచ్చింది.

"పాత బంతి!" అని పైనుంచి డాక్టరు అరిచాడు.

ఇద్దరూ ఆగారు. ఇప్పుడెవరూ వాడని ఆకుపచ్చ రకం బంతి అది. పెద్ద వేగమేం లేదు. నేల మీద పడి, పక్కగోడని తాకి, వెనక్కి దొర్లి, మళ్ళీ ఇటు తిరిగింది. మామూలుగా ఈపాటికి ఆగిపోవాలి. ఇది ఆగలేదు. తీరిగ్గా, ఎవరింటికో దారి వెతుక్కుంటున్నట్టు కోర్టంతా తిరుగుతోంది.

పిచ్చుక దాన్నే చూస్తూ మనసులో తర్వాతి సర్వీసు కొట్టేసుకుంది. ఇటు కొట్టాలా, అటు కొట్టాలా? అటే. వదిన ఎడమవైపు ఆలస్యంగా వస్తోంది. ఆ ఆలోచనతోనే వదిన వైపు చూసింది.

వదిన గోడకి అరచెయ్యి ఆనించి నిలబడింది. మొహం ఉతికి పిండిన గుడ్డలా పాలిపోయింది. పట్టిన చెమట కూడా ఆడి ఆడి వచ్చింది కాదు. రెండో చెయ్యి దవడ మీద ఉంది.

"వదినా?"

"పన్నేలేవే. అది ఆగనీ, ఆడదాం."

పైనుంచి డాక్టరు వంగి చూశాడు. "ఏ పన్నమ్మా? పోయిన వారమేగా చూశాను. మీ పళ్ళకి ఏం లేదని అప్పుడే చెప్పాను."

బంతి ఇంకా దొర్లుతూనే ఉంది.

ఒక్క సర్వీసు. అరనిమిషం పని. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళొచ్చు. ఈ ఆలోచన పిచ్చుకకి వచ్చింది. రాలేదని ఆమె ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. వదిన అరచెయ్యి గోడ మీద తడి గీత గీసుకుంటూ కిందికి జారింది. పిచ్చుక రాకెట్ నేల మీద పెట్టేసి వెళ్ళి ఆమెని పట్టుకుని కూర్చోబెట్టింది.

"డాక్టరుగారూ, అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి. ఇది గుండె."

"నోర్ముయ్యి. మ్యాచ్ పాయింటు నీది!" అంది వదిన, ఊపిరి అందక. "వదిలేస్తే ఓడిపోతావు."

"ఓడిపోతాను. అలవాటేగా."

అన్నయ్య రెండు సీసాలూ జారవిడిచి మెట్లు దిగి పరిగెత్తుకొచ్చాడు. అంబులెన్సు వాళ్ళు వదినని స్ట్రెచర్ మీద తలుపు దాటించేసరికి బంతి మూలలో ఆగింది.

ఆసుపత్రిలో మూసుకుపోయిన రక్తనాళం తెరిచారు. అక్కడి పెద్ద డాక్టరమ్మ అన్నయ్యకి అంతా వివరంగా చెప్పింది. ఆడవాళ్ళకి గుండెనొప్పి ఒక్కోసారి ఇలాగే దవడలోనో వీపులోనో వస్తుందంది. ఆ ఆట ఇంకాస్త సాగి ఉంటే మనం ఇప్పుడిలా మాట్లాడుకునేవాళ్ళం కాదంది. పిచ్చుక నడవాలో నిలబడి అంతా విని, బాత్రూంలోకెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చింది.

మూడోనాడు పళ్ళ డాక్టరు పోటీ కప్పు తెచ్చి మంచం పక్కన పెట్టాడు. ముందు రాకెట్ కింద పెట్టింది పిచ్చుక కాబట్టి నియమం ప్రకారం గెలుపు వదినదే. ఆయన వెళ్ళగానే వదిన కోపం కట్టలు తెంచుకుంది.

"ఎనిమిది పాయింట్లతో గెలవడం ఏ లెక్కలో ఉందే?"

"నీ లెక్కలోనే ఉంది. నువ్వు బతికావు, నేను ఓడాను. రెండువైపులా సరిపోయింది."

"నాకు లెక్కలు చెప్పకు" అని వదిన అటు తిరిగి పడుకుంది. కాసేపటికి దుప్పట్లోంచి చెయ్యి బయటికొచ్చింది. పిచ్చుక ఆ చెయ్యి పట్టుకుంది.

తర్వాత అంతా నడకే. ముందు ఆసుపత్రి నడవాలో, ఆ తర్వాత వీధి చివరిదాకా, తర్వాత పార్కు చుట్టూ. గుండెజబ్బు వాళ్ళకి పెట్టిన వ్యాయామం క్లాసులో వదిన అందరికీ టీచరైపోయింది. నడుం వంచని ఓ పెద్దాయన్ని మందలించిందని ఫిర్యాదు కూడా వచ్చింది. చలికాలం వెళ్ళాక డాక్టరమ్మ, "మెల్లగా ఆడుకోండి, పోటీలు మాత్రం ఇప్పుడే వద్దు" అంది.

ఆ సాయంత్రమే ఇద్దరూ కోర్టులో ఉన్నారు. పిచ్చుక భయం భయంగా బంతి అందించింది. వదిన నాలుగు దెబ్బలు ఓర్చుకుంది.

"ఏమే, బంతి కొడుతున్నావా, పాలు పడుతున్నావా?"

పిచ్చుక నవ్వాపుకోలేక గట్టిగా కొట్టింది. వదిన ఒక్క అడుగు పక్కకేసి, వెనకటి లాగే, మోచెయ్యి కదిపీ కదపనట్టు కదిపింది. బంతి గోడకి తగిలింది. చప్పుడు వినిపించింది. తిరిగి రాలేదు.

ఇద్దరూ గోడ వంక చూశారు.

"మంచి దెబ్బ. దాచుకుంది" అంది పిచ్చుక.

"ఎప్పుడిస్తుందో ఏమో."

"ఎప్పుడిస్తే అప్పుడు. తొందరేముంది మనకి?"

వదిన జేబులోంచి ఇంకో బంతి తీసి, రెండు అరచేతుల మధ్య రుద్ది వెచ్చబెట్టింది. సర్వీసు గీత దగ్గరికెళ్ళి నిలబడింది.

"డాక్టరమ్మ పోటీలొద్దంది" అని పిచ్చుక గుర్తుచేసింది.

"పోటీ అని ఎవరన్నారు? లెక్క పెట్టుకుందాం, అంతే" అంది వదిన. "సున్నా, సున్నా" అని గట్టిగా చెప్పి రాకెట్ ఎత్తింది.